నాండి నుంచి అపియాకు: 1,210 కిలోమీటర్లు సరే, ఎన్ని గంటలు?

ఫిజీలోని నాండి విమానాశ్రయం నుంచి సమోవా రాజధాని అపియాకు వెళ్ళే జెట్‌లు దిగే ఫాలెయోలో విమానాశ్రయానికి గగనమార్గంలో దూరం దాదాపు 1,210 కిలోమీటర్లు. నాటికల్ మైళ్ళలో (ఒక్కోటి 1.852 కిలోమీటర్లు) 653. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఉన్న దూరం (సుమారు 1,265 కిలోమీటర్లు) కంటే కాస్త తక్కువే. జెట్ విమానంలో గంటా యాభై నిమిషాల ప్రయాణం. అయితే ఈ రెండు అంకెలు చేతిలో పెట్టుకుని టికెట్లు, హోటళ్ళు, తర్వాతి విమానాలు ఏర్పాటు చేసుకున్నవాళ్ళు పసిఫిక్‌లో తరచూ దెబ్బతింటారు. ఇక్కడ దూరం ఎప్పుడూ మారదు. సమయమే రకరకాలుగా ఉంటుంది: గాలిలో గడిపేది, టికెట్ మీద రాసేది, గోడ గడియారం చూపేది, ఇంటి గుమ్మం నుంచి హోటల్ గుమ్మం దాకా పట్టేది. ఒక్కోటీ ఒక్కో లెక్క.

ముందు దూరం సంగతి. నాండి విమానాశ్రయం దక్షిణ అక్షాంశం 17.76 డిగ్రీలు, తూర్పు రేఖాంశం 177.44 డిగ్రీల దగ్గర ఉంది. ఫాలెయోలో దక్షిణ అక్షాంశం 13.83, పశ్చిమ రేఖాంశం 172.01. మొదటిది తూర్పు, రెండోది పశ్చిమం అన్నదాన్ని గమనించాలి. రెండింటి మధ్య 180 డిగ్రీల రేఖ పోతుంది. కంప్యూటర్‌లో పశ్చిమ రేఖాంశాన్ని మైనస్ గుర్తుతో రాస్తారు కాబట్టి, స్ప్రెడ్‌షీట్‌లో ఒకదాన్నుంచి ఇంకోటి తీసేస్తే తేడా 349 డిగ్రీలకు పైగా వస్తుంది. అసలు తేడా పదిన్నర డిగ్రీలే. ఆ 349ని కిలోమీటర్లలోకి మారిస్తే 37,000 దాటుతుంది. అంటే సమోవాకు భూమినంతా చుట్టి వెనకవైపు నుంచి వెళ్తున్నట్టు లెక్క. మధ్యబిందువు కోసం రెండు రేఖాంశాల సగటు తీస్తే ఇంకా వింత: ఆ బిందువు ఆఫ్రికాలో అంగోలాకు పడమరన అట్లాంటిక్ మహాసముద్రంలో తేలుతుంది. మ్యాపుల మీద ఫిజీ నుంచి సమోవాకు గీసిన గీత ప్రపంచమంతా అడ్డంగా సాగిపోయి కనిపించడానికి కారణం కూడా ఇదే.

విరుగుడు సులువు. తేడా 180 డిగ్రీలు దాటితే 360లోంచి దాన్ని తీసేయాలి. లేదా గోళం మీద రెండు బిందువుల మధ్య దూరం కట్టే హావర్‌సైన్ సూత్రం వాడాలి. అందులో తేడాలో సగానికి సైన్ కట్టి వర్గం చేస్తారు కాబట్టి 349 ఇచ్చినా, పదిన్నర ఇచ్చినా జవాబు ఒకటే. భూమి వ్యాసార్థం 6,371 కిలోమీటర్లుగా తీసుకుంటే 1,210 వస్తుంది. ధ్రువాల దగ్గర భూమి కాస్త నొక్కుకుపోయి ఉంటుందన్న విషయాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే తేడా ఒక కిలోమీటరు లోపే. గోళం మీద అతి దగ్గరి దారైన మహావృత్త మార్గమా, దిక్సూచిని ఒకే దిశలో పెట్టుకుని పోయే మార్గమా అన్న చర్చకు కూడా ఇక్కడ అంత విలువ లేదు. ఇంత తక్కువ దూరంలో, భూమధ్యరేఖకు ఇంత దగ్గరలో, రెంటికీ తేడా వంద మీటర్ల పైచిలుకు మాత్రమే. నాండిలో లేచేటప్పుడు దిశ సుమారు 70 డిగ్రీలు, అంటే తూర్పు ఈశాన్యం. చేరేసరికి అది రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, అంతే.

ఊరి పేర్లతో దూరం వెతికితే మాత్రం తేడా పెద్దదే. అపియా నగరాన్ని ఆనుకుని ఫగాలీ అనే చిన్న విమానాశ్రయం ఉంది. జెట్‌లు దిగే ఫాలెయోలో నగరానికి పడమరన దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో, ఉపోలు దీవి చివర ఉంటుంది. నాండి నుంచి చూస్తే ఈ రెండింటి మధ్య పాతిక కిలోమీటర్లకు పైగా తేడా. ఫిజీ వైపు కూడా ఇదే తంతు. రాజధాని సువాకు దగ్గరి విమానాశ్రయం నౌసోరి. అక్కణ్ణుంచి ఫాలెయోలోకు 1,110 కిలోమీటర్లే. నాండి ఉన్నది అదే దీవికి అవతలి కొసన. సువా నుంచి రోడ్డు మీద 190 కిలోమీటర్లు, బస్సులో నాలుగు గంటల మాట. సువాలో ఉన్న మనిషికి విమానంలో కూర్చునే సమయం కంటే విమానం దాకా వెళ్ళే సమయమే రెట్టింపు అవుతుందన్నమాట.

ఇక విమానం ఎంతసేపు ఎగురుతుంది? దూరాన్ని వేగంతో భాగించడం అందరూ చేసే పని. బోయింగ్ 737 రకం జెట్ పైన సుమారు 450 నాట్ల వేగంతో, అంటే గంటకు 450 నాటికల్ మైళ్ళు పోతుంది. 653ను 450తో భాగిస్తే గంటా 27 నిమిషాలు. ఇది కాగితం మీద లెక్క. పైకి ఎక్కేటప్పుడూ, కిందికి దిగేటప్పుడూ విమానం ఆ వేగంలో ఉండదు. 35,000 అడుగులు ఎక్కడానికి 20 నుంచి 25 నిమిషాలు పడుతుంది, ఆ లోపు 130 నాటికల్ మైళ్ళ దాకా సాగుతుంది. దిగడం కూడా దాదాపు అంతే సేపు, 115 మైళ్ళు. మధ్యలో మిగిలేది 408 మైళ్ళు, దానికి 54 నిమిషాలు. మొత్తం గంటా 38 నిమిషాలు. దీనికి నాండిలో గేటు నుంచి రన్‌వే చివరిదాకా, ఫాలెయోలోలో రన్‌వే నుంచి ఆగే చోటుదాకా నేల మీద నడిచే పన్నెండు నిమిషాలు కలిపితే గంటా 50. విమానయాన సంస్థలు టికెట్ మీద చూపేది ఈ చివరి అంకెనే. దాన్ని బ్లాక్ టైమ్ అంటారు: చక్రాల కింద అడ్డు తీసినప్పటి నుంచి మళ్ళీ అడ్డు పెట్టేదాకా.

ఇంచుమించు ఇంతే దూరం ఉన్న హైదరాబాద్–ఢిల్లీకి టికెట్ మీద రెండు గంటల పది నిమిషాలు, అంతకంటే ఎక్కువ కూడా వేస్తారు. విమానం నెమ్మదిగా పోయినందుకు కాదు. ఢిల్లీలో నేల మీద నడక పొడవు, దిగడానికి వరుస ఉంటుంది, ఆలస్యాలకు ముందే కొంత జాగా వదులుతారు. ఫాలెయోలోలో ఒక విమానం దిగుతుంటే వెనక వరుసలో మరొకటి ఉండటం అరుదు. దూరం నుంచి సమయాన్ని ఊహించే కాలిక్యులేటర్లు అన్ని మార్గాలకూ ఒకే అరగంట కలిపేస్తాయి. పెద్ద విమానాశ్రయాల దగ్గర ఆ అరగంట చాలదు, చిన్న దీవుల దగ్గర అది ఎక్కువ.

గాలి ప్రభావం ఈ మార్గంలో ఓ మోస్తరు. 35,000 అడుగుల ఎత్తున, ముఖ్యంగా జూన్ నుంచి సెప్టెంబరు దాకా, పడమటి గాలులు బలంగా ఉంటాయి. ఆ గాలుల ప్రధాన ప్రవాహం ఫిజీకి ఇంకా దక్షిణాన, 25–30 డిగ్రీల దగ్గర ఉంటుంది, దాని ఉత్తరపు అంచే ఇక్కడికి తగులుతుంది. 30 నాట్ల గాలి వెనక నుంచి తోస్తే 653 మైళ్ళకు 82 నిమిషాలు, అదే ఎదురైతే 93 నిమిషాలు. అందుకే తూర్పుకు వెళ్ళేటప్పుడు గంటా 50, తిరుగు ప్రయాణానికి రెండు గంటలు వేయడం కనిపిస్తుంది. పంకాలతో నడిచే ఏటీఆర్ 72 కథ వేరు. అది 20,000 అడుగుల చుట్టూనే ఎగురుతుంది, వేగం 275 నాట్లు. 653 మైళ్ళకు గాలిలోనే రెండు గంటల 22 నిమిషాలు, టికెట్ మీద రెండు గంటల ముప్పావు. నెమ్మదిగా పోయే విమానానికి అదే గాలి ఎక్కువ నష్టం చేస్తుంది. 30 నాట్ల ఎదురుగాలికి జెట్ ఆరు నిమిషాలు పోగొట్టుకుంటే, ఏటీఆర్ 17 నిమిషాలు పోగొట్టుకుంటుంది. పైగా 70 మందిని నింపుకుంటే దాని పరిధి సుమారు 1,400 కిలోమీటర్లు. 1,210 అందులోకి వస్తుంది కానీ, కింద చెప్పే అదనపు ఇంధనం కూడా మోయాల్సి వస్తే కొన్ని సీట్లో, కొన్ని పెట్టెలో వదులుకోవాలి. సామాను మర్నాటి విమానంలో వచ్చిందంటే కారణం ఎప్పుడూ సిబ్బంది అజాగ్రత్తే కానక్కర్లేదు.

గడియారం దగ్గరికి వద్దాం. అసలు చిక్కు ఇక్కడే. ఫిజీ సమయం యూటీసీకి (ప్రపంచమంతా కొలమానంగా వాడే ప్రామాణిక సమయానికి) 12 గంటలు ముందు, సమోవా 13 గంటలు ముందు. మధ్యాహ్నం 2 గంటలకు నాండిలో బయలుదేరితే గంటా 50 నిమిషాల ప్రయాణం, పైన ఒక గంట తేడా: అపియాలో 4:50. తిరుగు ప్రయాణంలో సాయంత్రం 5:45కు బయలుదేరి రెండు గంటలు ఎగిరితే నాండిలో 6:45. టికెట్ మీద బయలుదేరిన, చేరిన సమయాలు చూసి తీసివేత చేసేవారికి వెళ్ళేటప్పుడు మూడు గంటల ప్రయాణం, వచ్చేటప్పుడు ఒక గంట ప్రయాణం అనిపిస్తుంది. టికెట్ మీద ఉండేవి ఎప్పుడూ ఆయా ఊళ్ళ స్థానిక సమయాలే. సరైన పద్ధతి ఒక్కటే: రెండు సమయాలనూ యూటీసీలోకి మార్చి, ఆ తర్వాత తీసివేయాలి.

2011 దాకా ఈ లెక్క ఇంకా విచిత్రంగా ఉండేది. అప్పట్లో సమోవా, తేదీ మారే గీతైన దినరేఖకు అమెరికా వైపు ఉండేది, యూటీసీకి 11 గంటలు వెనక. ఫిజీకి, దానికి 23 గంటల తేడా. శనివారం మధ్యాహ్నం 2 గంటలకు నాండిలో ఎక్కినవాళ్ళు శుక్రవారం సాయంత్రం 4:50కి అపియాలో దిగేవారు. సమోవా ఆ వైపుకు చేరింది 1892లో. అమెరికాతో వ్యాపారానికి వీలుగా ఆ ఏడాది జూలై 4వ తేదీని రెండుసార్లు జరుపుకుని తేదీ మార్చుకుంది. నూటపాతికేళ్ళు తిరగకముందే వ్యాపారం ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల వైపు మళ్ళింది. అక్కడ సోమవారం పని మొదలయ్యేసరికి సమోవాలో ఆదివారం, సమోవాలో శుక్రవారం పని నడుస్తుంటే అక్కడ శనివారం సెలవు. వారానికి రెండు పనిరోజులు పోతున్నాయన్నది అప్పటి ప్రధాని తుయిలాయెపా ప్రభుత్వం చెప్పిన కారణం. 2011 డిసెంబరు 29 గురువారం అర్ధరాత్రి దాటగానే నేరుగా 31 శనివారం వచ్చింది. ఆ ఏడాది సమోవా క్యాలెండర్లో డిసెంబరు 30 లేదు. (2009లో ఇదే ప్రభుత్వం దేశంలో బళ్ళన్నింటినీ రోడ్డుకు కుడివైపు నుంచి ఎడమవైపుకు మార్చింది. తేదీ మార్చడం దానికంటే సులువుగానే జరిగింది.)

కాబట్టి పాత గైడు పుస్తకాలు, పాత ప్రయాణ కథనాలు చదివి తేదీ లెక్కలు వేయకూడదు. వేసవి సమయం (ఎండాకాలంలో గడియారాలను ఒక గంట ముందుకు జరపడం) విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. సమోవా 2021లో ఆ పద్ధతిని ఎత్తేసింది, ఫిజీ కూడా ఇప్పుడు గడియారాలు జరపడం లేదు. కానీ న్యూజిలాండ్ జరుపుతుంది. అందుకని ఆక్లాండ్, అపియా మధ్య ఏడాదిలో కొన్ని నెలలు ఒక గంట తేడా ఉంటుంది, కొన్ని నెలలు తేడానే ఉండదు. ఆక్లాండ్ మీదుగా వెళ్ళేవాళ్ళు సెప్టెంబరు చివర, ఏప్రిల్ మొదట్లో కనెక్షన్ సమయాలను మళ్ళీ ఒకసారి సరిచూసుకోవాలి.

తేదీ తిరకాసు ఇప్పుడు పక్క మార్గానికి మారింది. ఫాలెయోలో నుంచి, అమెరికా పాలనలో ఉన్న అమెరికన్ సమోవాలోని పాంగో పాంగోకు 150 కిలోమీటర్లే. 19 సీట్ల ట్విన్ ఆటర్ విమానం 40–45 నిమిషాల్లో దింపుతుంది. రెండు చోట్లా భాష ఒకటే, బంధుత్వాలూ ఒకటే. తేదీ మాత్రం వేరు. అమెరికన్ సమోవా దినరేఖకు అవతలే ఉండిపోయింది కాబట్టి తేడా సరిగ్గా 24 గంటలు. గడియారం ముల్లు ముట్టుకోనక్కర్లేదు, క్యాలెండర్ మార్చుకోవాలి. శనివారం ఉదయం 9 గంటలకు ఎక్కితే శుక్రవారం 9:40కి దిగుతారు. తిరుగు ప్రయాణంలో శుక్రవారం ఎక్కి శనివారం దిగుతారు. పొరపాటు జరిగేది హోటల్ బుకింగ్‌లో. "శనివారం బయలుదేరుతున్నాను" కదా అని పాంగో పాంగోలో శనివారం రాత్రి నుంచి గది తీసుకుంటే, శుక్రవారం రాత్రికి గది ఉండదు. తిరిగి వచ్చేటప్పుడు దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది: అపియా నుంచి నాండికి శుక్రవారం విమానం ఉంటే, పాంగో పాంగోలో గురువారం ఎక్కితేనే అందుతుంది. ముల్లు కదలదు కాబట్టి మామూలు చేతి గడియారం ఈ తేడాను పట్టివ్వదు. ఫోన్ తెరమీద గంటలు మాత్రమే చూసినా అంతే, తేదీ కూడా చూడాలి.

ఇలాంటి చిన్న విమానాల్లో మనిషిని కూడా తూకం వేస్తారన్నది కొత్తవాళ్ళకు ఆశ్చర్యం. 19 సీట్ల విమానంలో సగటు బరువుతో లెక్క వేస్తే తప్పు ఎక్కువ వస్తుంది, ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది కూడా తూకాన్ని బట్టే ఉంటుంది. 2013లో సమోవా ఎయిర్ అనే సంస్థ ఒక అడుగు ముందుకేసి టికెట్ ధరనే ప్రయాణికుడి బరువును బట్టి నిర్ణయించింది. ప్రపంచమంతా నవ్వింది గానీ, చిన్న విమానాలు నడిపేవాళ్ళకు ఆ లెక్క కొత్తదేం కాదు.

దీవుల మధ్య ప్రయాణాన్ని ఖండం మీద ప్రయాణం నుంచి వేరు చేసేది ఇంధనం. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి వెళ్ళే విమానానికి దారిలో నాగ్‌పూర్, భోపాల్, ఢిల్లీలో దిగడం కుదరకపోతే జైపూర్, లక్నో ఉన్నాయి. ఫాలెయోలో మూసుకుపోతే? దగ్గరలో ఉన్నది 150 కిలోమీటర్ల పాంగో పాంగో. అది కూడా అదే తుపానులో చిక్కుకుంటే ఇంకా చాలా దూరం పోవాలి: టోంగాలోని ఫువామోతుకు దాదాపు 890 కిలోమీటర్లు. ప్రత్యామ్నాయం దగ్గరలో లేని విమానాశ్రయానికి వెళ్ళే జెట్, గమ్యం దాకా సరిపోయే ఇంధనానికి పైన రెండు గంటలు ఎగరగలిగే ఇంధనం మోయాలని అంతర్జాతీయ నిబంధన. 737 గంటకు రెండున్నర టన్నుల దాకా తాగుతుంది. నాండి నుంచి అపియాకు అసలు ప్రయాణానికి నాలుగు టన్నుల పైచిలుకు చాలు, ఆ రెండు గంటల నిల్వకు అయిదు టన్నులు కావాలి. అసలు కంటే అట్టిపెట్టుకునేదే ఎక్కువ. పాంగో పాంగో తెరిచి ఉండి, వాతావరణం బాగుంటే దాన్ని ప్రత్యామ్నాయంగా రాసుకుని ఈ బరువు సగానికి తగ్గించుకోవచ్చు. అంటే పాంగో పాంగోలో మబ్బు కమ్మితే దాని భారం నాండిలో ఇంధనం నింపే ట్యాంకరు దగ్గర తెలుస్తుంది. తుపానుల కాలం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. ఈ ప్రాంతానికి తుపాను హెచ్చరికలు ఇచ్చే ప్రాంతీయ కేంద్రం కూడా నాండిలోనే ఉంది.

ఒక ఇంజిన్ ఆగిపోతే ఎలా అన్న భయం సముద్రం మీద అందరికీ ఉంటుంది. ఈ మార్గంలో దానికి ఊరటనిచ్చే లెక్క ఉంది. రెండు ఇంజిన్ల విమానం ఒక ఇంజిన్‌తో గంటలోపు ఏదో ఒక విమానాశ్రయం చేరగలిగితే ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. 737 అలా గంటలో 700 కిలోమీటర్లకు పైనే పోగలదు. సరిగ్గా నడిమధ్యలో ఉన్నా నాండి, ఫాలెయోలో రెండూ 605 కిలోమీటర్ల దూరంలోనే. అవి తెరిచి ఉన్నంతవరకు ఈ మార్గం మొత్తం ఆ గంట పరిధిలోనే ఉంటుంది.

దారిలో రాడార్ ఉండదు. ఫిజీ చుట్టూ ఆకాశాన్ని నాండి నియంత్రణ కేంద్రం చూస్తుంది. సమోవా, టోంగాల పైనున్న ఎత్తైన గగనతలాన్ని చూసేది న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ కేంద్రం. విమానం తానెక్కడున్నదీ ఉపగ్రహం ద్వారా చెబుతూ పోతుంది.

పసిఫిక్‌లో ప్రయాణ సమయాన్ని అన్నిటికంటే ఎక్కువగా నిర్ణయించేది మాత్రం వారానికి ఎన్ని విమానాలున్నాయన్నదే. హైదరాబాద్‌లో ఒక ఢిల్లీ విమానం తప్పిపోతే రెండు గంటల్లో ఇంకోటి దొరుకుతుంది. నాండిలో అపియా విమానం తప్పితే అదే రోజు మరొకటి దొరకడం కష్టం, ఒక్కోసారి మర్నాడు కూడా ఉండదు. అప్పుడు మిగిలేది ఆక్లాండ్ దారి: నాండి నుంచి ఆక్లాండ్‌కు 2,160 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి అపియాకు 2,890. మొత్తం 5,050 కిలోమీటర్లు, అసలు దూరానికి నాలుగు రెట్లకు పైన. ఒకే దేశంలోని రెండు దీవులకు కూడా ఈ తిప్పలున్నాయి. కిరిబాటిలో రాజధాని తరవా నుంచి క్రిస్మస్ దీవికి నేరుగా 3,280 కిలోమీటర్లు. నేరుగా విమానం లేని రోజుల్లో ఫిజీ మీదుగా 5,700 కిలోమీటర్లు తిరగాలి. ఆ దీవికి, హవాయిలోని హొనొలులుకు గడియారం ఒకటే, తేదీ మాత్రం ఒక రోజు తేడా. 1995 మొదలయ్యేటప్పుడు కిరిబాటి తన దేశమంతా ఒకే తేదీలో ఉండాలని దినరేఖను తూర్పుకు జరిపింది మరి.

తెలుగు రాష్ట్రాల నుంచి ఈ దారి పట్టేవాళ్ళు తక్కువే అయినా లేకపోలేదు. 1903 నుంచి 1916 దాకా మద్రాసు రేవు నుంచి గిర్మిట్ ఒప్పందం మీద ఫిజీకి వెళ్ళిన కూలీల్లో తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళ వారసులు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. హైదరాబాద్ నుంచి సాధారణ దారి సింగపూర్ మీదుగా. సింగపూర్ నుంచి నాండికి దాదాపు 8,300 కిలోమీటర్లు, పది గంటల ప్రయాణం. ఆ విమానం దిగిన రోజే అపియా విమానం అందుకోవాలనుకుంటే రెండూ ఒకే టికెట్ మీద ఉండాలి. విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమైనప్పుడు రెండోదాని డబ్బు పోతుంది, తర్వాతి విమానం దాకా నాండిలో గది అద్దె కూడా మీద పడుతుంది. విడివిడిగానే కొనాల్సి వస్తే మధ్యలో ఒక రాత్రి వదలడం మంచిది. వానాకాలంలో నాండి పట్టణంలోకి వరద రావడం మామూలే కాబట్టి జనవరి నుంచి మార్చి దాకా ఆ రాత్రికి గదిని పట్టణంలో కాకుండా విమానాశ్రయానికి దగ్గరలో తీసుకోవాలి. ఇంటికి ఫోన్ చేయడానికి లెక్క ఇది: భారత సమయానికి నాండి ఆరున్నర గంటలు ముందు, అపియా ఏడున్నర గంటలు ముందు, పాంగో పాంగో పదహారున్నర గంటలు వెనక.